నెక్స్ట్‌క్లౌడ్ 23 నుంచి 31కి: ఏ మెట్టు ముందు, ఏ మెట్టు తరువాత

రాయగడలోని మీ ఆడిటరు కార్యాలయంలో ఫైళ్లు దాచి పంచుకోవడానికి నడుస్తున్న నెక్స్ట్‌క్లౌడ్ సర్వర్ గురించి మీరు మూడు ప్రశ్నలు అడిగారు. సర్వర్‌లో ఉబుంటు 20.04 ఆపరేటింగ్ సిస్టమ్, నెక్స్ట్‌క్లౌడ్ నడవడానికి కావలసిన పీహెచ్‌పీ 7.4, దాని వివరాలు దాచే మరియాడీబీ 10.3 డేటాబేస్, నెక్స్ట్‌క్లౌడ్ 23 ఉన్నాయని, ఖాతాదారుల కాగితాల స్కాన్ ప్రతులు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు పేర్లతో దాదాపు 300 జీబీ పేరుకున్నాయని, ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ ముట్టుకోలేదని రాశారు. ఒకేసారి 31కి వెళ్లవచ్చా అన్నది మొదటి ప్రశ్న. ముందు ఉబుంటును మార్చాలా, నెక్స్ట్‌క్లౌడ్‌ను మార్చాలా అన్నది రెండవది. మధ్యలో చెడితే 23కి తిరిగి రావడం ఎలా అన్నది మూడవది. పాత ఫోల్డరు మీద కొత్త వెర్షన్ ఫైళ్లను పరిచేస్తే సరిపోతుందని ఎవరో సలహా ఇచ్చారని కూడా అన్నారు. నేను బరంపురం, పర్లాకిమిడి వైపు ఇటువంటి చిన్న కార్యాలయాల సర్వర్లను చూస్తుంటాను కాబట్టి మీ పరిస్థితి నాకు కొత్తది కాదు.

ఒకేసారి వెళ్లలేరు. నెక్స్ట్‌క్లౌడ్‌లో ఒక ప్రధాన వెర్షన్ నుంచి దాని తరువాతి ప్రధాన వెర్షన్‌కు మాత్రమే వెళ్లనిస్తారు. ఆ అడుగు వేసే ముందు కూడా ఉన్న వెర్షన్‌లో వచ్చిన చిట్టచివరి చిన్న విడుదలకు చేరి ఉండాలి. దీనికి కారణం ఫైళ్లు కాదు, డేటాబేస్. ప్రతి ప్రధాన వెర్షన్ తనకు ముందున్న వెర్షన్ వదిలివెళ్లిన పట్టికలు ఒక నిర్దిష్టమైన రూపంలో ఉంటాయని అనుకొని, అక్కడి నుంచి నిలువు వరుసలు చేర్చడం, సూచికలు మార్చడం, పాత వివరాలను కొత్త చోటికి తరలించడం చేస్తుంది. కాలం చెల్లిన మరమ్మతు దశలను తరువాతి వెర్షన్లలో తీసేస్తూ ఉంటారు. కాబట్టి 24లో జరగవలసిన పని 24లోనే జరగాలి. కాన్ఫిగ్ ఫైలులో వెర్షన్ సంఖ్యను చేత్తో మార్చి ప్రోగ్రాంను ఏమార్చే చిట్కా ఒకటి అక్కడక్కడా కనిపిస్తుంది. అలా చేస్తే లాగిన్ తెర రావచ్చు, ఫైళ్లు కూడా కనిపించవచ్చు, కానీ జరగని మార్పుల ఫలితం కొన్ని నెలల తరువాత, ఎవరో ఒక షేర్ లింకు తెరిచినప్పుడు బయటపడుతుంది. అప్పటికి మీ బ్యాకప్‌లన్నీ అదే లోపంతో తయారై ఉంటాయి.

కొత్త ఫైళ్లను పాతవాటి మీద పరచడం కూడా తగదు. కొత్త వెర్షన్‌లో తొలగించిన ఫైళ్లు పాత ఫోల్డరులో అలాగే మిగిలిపోతాయి, వాటిలో కొన్ని ఇంకా అమలు కూడా అవుతాయి. చేత్తో చేయదలిస్తే పాత ప్రోగ్రాం ఫోల్డరుకు పేరు మార్చి పక్కన పెట్టి, కొత్తదాన్ని ఖాళీ చోట విప్పి, కాన్ఫిగ్ ఫైలును, డేటా ఫోల్డరు దాని లోపలే ఉంటే దాన్నీ, మీరు విడిగా పెట్టుకున్న యాప్‌లనూ తెచ్చి పెట్టాలి. అంతకన్నా నెక్స్ట్‌క్లౌడ్‌తో వచ్చే అప్‌డేటర్‌ను కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసే తెర) నుంచి నడపడం మేలు. బ్రౌజరులోని బటన్ చిన్న విడుదలలకు పరవాలేదు గాని, మీ అంత డేటాబేస్ ఉన్నచోట ప్రధాన వెర్షన్ మార్పుకు దాన్ని నమ్మకండి. వెబ్ సర్వర్ కాలపరిమితి దాటిపోతే పని సగంలో తెగిపోతుంది.

ఇక రెండవ ప్రశ్న. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. నెక్స్ట్‌క్లౌడ్ ఒక కాలు, దాని కింద పీహెచ్‌పీ రెండో కాలు అనుకోండి; ఒకటి నిలదొక్కుకున్న తరువాతే రెండోదాన్ని పై మెట్టు మీద పెట్టాలి. నెక్స్ట్‌క్లౌడ్ 23 పీహెచ్‌పీ 8.0 వరకే ఒప్పుకొంటుంది. ఉబుంటు 22.04తో వచ్చేది పీహెచ్‌పీ 8.1. అందువల్ల ఇప్పుడే ఉబుంటును మార్చేస్తే, ఈ వెర్షన్‌కు ఈ పీహెచ్‌పీ పనికిరాదన్న ఒక్క వాక్యం తప్ప తెర మీద ఏమీ రాదు. అటు నెక్స్ట్‌క్లౌడ్ 26కు కనీసం పీహెచ్‌పీ 8.0 కావాలి కనుక, 7.4 మీద ఉంటూ 26 దాకా ఎక్కలేరు. ఈ రెండింటికీ ఒప్పందం కుదిరే చోటు 25. అది 7.4 మీదా నడుస్తుంది, 8.1 మీదా నడుస్తుంది. కాబట్టి ఉబుంటు 20.04 మీద ఉండగానే 23 చివరి విడుదలకు, అక్కడి నుంచి 24కు, తరువాత 25కు ఎక్కండి. అక్కడ ఆగి ఉబుంటును 22.04కు మార్చండి. పీహెచ్‌పీ 8.1 మీద 25 సజావుగా నడుస్తోందని తేలాక 26, 27, 28, 29 వరుసగా ఎక్కవచ్చు. 28 నుంచి పీహెచ్‌పీ 8.3కు మద్దతు ఉంది; ఉబుంటు 24.04లో ఉన్నది అదే. కనుక 29 దగ్గర రెండోసారి ఆగి ఉబుంటును 24.04కు మార్చి, ఆపైన 30, 31 వేసుకోవచ్చు. ఉబుంటు కూడా దీర్ఘకాల మద్దతున్న ఒక విడుదల నుంచి దాని తరువాతి దానికే వెళ్లనిస్తుంది, 20.04 నుంచి నేరుగా 24.04కు దారి లేదు. 25 దగ్గర ఉన్నప్పుడు అప్‌డేటర్ ఇంకేమీ చూపించకపోతే కంగారు పడకండి. కింద ఉన్న పీహెచ్‌పీని చూసి అది ముందుకు దారి చూపదు.

ఇదంతా ఒక్క వారంలో ముగించాలని లేదు. అయితే 20.04కు సాధారణ మద్దతు 2025 మే నెలతో ముగిసింది, పీహెచ్‌పీ 7.4కు దాన్ని తయారు చేసేవారి నుంచి భద్రతా సవరణలు 2022 నవంబరులోనే ఆగిపోయాయి. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న సర్వర్‌లో ఖాతాదారుల పాన్ కార్డులు, బ్యాంకు పత్రాలు ఉన్నాయి. పని మొదలు పెట్టడానికి కొంత సమయం పడుతుందనుకుంటే, ఐదు యంత్రాల వరకు ఉచితంగా ఇచ్చే ఉబుంటు ప్రో చందాను ఈలోగా జోడించండి, అది 20.04కు భద్రతా సవరణలను పొడిగిస్తుంది. బయటి నుంచి వాడేవారు ఎవరూ లేకపోతే రూటరులో తెరిచిన పోర్టును కూడా అప్పటిదాకా మూసివేయండి.

ఉబుంటు మారిన వెంటనే సైటు తెరుచుకోదు. దానికి సిద్ధపడి ఉండండి. పీహెచ్‌పీ 7.4కు మీరు చేసుకున్న అమరికలన్నీ 7.4 పేరుతో ఉన్న ఫోల్డరులోనే ఉండిపోతాయి, 8.1 తన సొంత ఖాళీ అమరికలతో వస్తుంది. మెమొరీ పరిమితి మళ్లీ 128 ఎంబీకి పడిపోతుంది. నెక్స్ట్‌క్లౌడ్‌కు 512 ఎంబీ ఉండాలి. వెబ్ సర్వర్ అపాచీలో 7.4 మాడ్యూలును తీసి 8.1ను కలపాలి. మైఎస్‌క్యూఎల్, జీడీ, కర్ల్, ఎంబీస్ట్రింగ్, ఇంటిల్, ఎక్స్‌ఎంఎల్, జిప్, బీసీమ్యాథ్, జీఎంపీ విస్తరణలను కొత్త సంఖ్యతో మళ్లీ వేయాలి. ఏపీసీయూ (వివరాలను మెమొరీలో తాత్కాలికంగా ఉంచే పీహెచ్‌పీ విస్తరణ) వాడుతున్నట్లయితే కమాండ్ లైన్‌కు కూడా దాన్ని అనుమతించే వరుసను కొత్త అమరికల్లో చేర్చండి. అది మరిచిపోతే వెబ్‌లో అంతా బాగున్నట్టే ఉండి ఓసీసీ ఆదేశాలు (కమాండ్ లైన్ నుంచి నెక్స్ట్‌క్లౌడ్‌కు ఇచ్చేవి), క్రాన్ పనులు (నిర్ణీత సమయాల్లో తమంతట తామే నడిచేవి) మాత్రం ఆగిపోతాయి. మరియాడీబీ తనంతట తానే 10.3 నుంచి 10.6కు మారుతుంది, దాని విషయంలో సాధారణంగా ఇబ్బంది రాదు.

మూడవ ప్రశ్నకు సమాధానం ఒక్కటే. వెనక్కి వచ్చే ఆదేశం లేదు. పట్టికల రూపం మారిన తరువాత దాన్ని తిరగదోడే ఏర్పాటు నెక్స్ట్‌క్లౌడ్‌లో లేదు కాబట్టి, వెనక్కి రావడమంటే బ్యాకప్‌ను తిరిగి పెట్టడమే. ఆ బ్యాకప్‌లో డేటాబేస్, డేటా ఫోల్డరు, కాన్ఫిగ్ ఫోల్డరు, ఆ రోజు నడుస్తున్న ప్రోగ్రాం ఫోల్డరు నాలుగూ ఒకే క్షణానికి చెందినవై ఉండాలి. డేటాబేస్ సోమవారంది, ఫైళ్లు బుధవారంవి అయితే జాబితాలో ఉన్న ఫైలు డిస్కు మీద ఉండదు, డిస్కు మీద ఉన్నది జాబితాలో కనపడదు. 300 జీబీని ఆపి కాపీ చేస్తే కార్యాలయం ఒక పూట మూతపడుతుంది. అందుకని సర్వర్ నడుస్తుండగానే ఆర్‌సింక్ అనే కాపీ పనిముట్టుతో ఒకసారి మొత్తం బయటి డిస్కులోకి తీసుకుని, తరువాత మెయింటెనెన్స్ మోడ్ (వాడుకరులెవరూ లోపలికి రాలేని స్థితి) పెట్టి రెండోసారి నడపండి. ఈసారి మారినవే వెళతాయి కనుక త్వరగా అయిపోతుంది. అదే మెయింటెనెన్స్ మోడ్‌లో డేటాబేస్ డంపు (పట్టికలన్నిటినీ ఒక ఫైలులోకి తీసిన ప్రతి) కూడా తీయండి. బయటి డిస్కును లినక్స్ వాడే ఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసుకోండి. విండోస్ కోసం ఫార్మాట్ చేసిన డిస్కు మీద ఫైళ్ల యజమాని, అనుమతుల వివరాలు సరిగా నిలవవు.

డంపు విషయంలో ఒక మాట వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన భాషల ఫైళ్లున్న చోట ఇది మోసం చేస్తుంది. డంపు తీసే ఆదేశంలో అక్షర సముదాయం యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే కొన్ని పాత వెర్షన్లు మూడు బైట్ల వరకే పట్టే పాత యూటీఎఫ్8తో తీస్తాయి. తెలుగు, ఒడియా అక్షరాలన్నీ ఒక్కొక్కటి మూడు బైట్లే కాబట్టి అవి చెక్కుచెదరకుండా వస్తాయి. మీరు డంపు తెరిచి ఒక తెలుగు పేరు వెతికి చూసి, బాగానే ఉందని తృప్తి పడతారు. కానీ ఫోన్ నుంచి ఎక్కించిన ఫైలు పేర్లలోనో, వ్యాఖ్యలలోనో ఉండే ఎమోజీలకు నాలుగు బైట్లు కావాలి. అవి ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి, తిరిగి పెట్టినప్పుడు డిస్కు మీది పేరు, పట్టికలోని పేరు కలవవు. కాబట్టి పరీక్షించేటప్పుడు తెలుగు పేరుతో కాకుండా ఎమోజీ ఉన్న పేరుతో పరీక్షించండి. ఖాతాదారులు వాట్సాప్ నుంచి పంపిన ఫైళ్లలో అటువంటిది ఒకటి దొరకకపోదు. డంపు తీసే ఆదేశానికి ఒకే లావాదేవీలో తీయమనే సూచనను కూడా జతచేయండి.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమని నమ్మే దశ. అసలు సర్వర్‌ను ముట్టుకోకముందు, కార్యాలయంలో పక్కన పడేసిన పాత కంప్యూటరు ఒకటి తీసి, అందులో ఉబుంటు 20.04 వేసి, ఆ బ్యాకప్ నుంచి నెక్స్ట్‌క్లౌడ్ 23ను లేపి, 31 దాకా ప్రతి మెట్టూ అక్కడ ఎక్కి చూడండి. దీనికి 300 జీబీ అక్కరలేదు. వెర్షన్ మార్పు పని దాదాపు అంతా డేటాబేస్‌లోనే జరుగుతుంది కాబట్టి డంపు, కాన్ఫిగ్, ప్రోగ్రాం ఫోల్డరు, ఒకరిద్దరు వాడుకరుల ఫోల్డర్లు ఉన్న చిన్న డేటా ఫోల్డరు చాలు. ఆ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే ఓసీడేటా ఫైలు మాత్రం ఉండాలి. ఆ యంత్రం మీద ఫైల్స్ స్కాన్ ఆదేశం నడపకండి, లేని ఫైళ్లన్నిటినీ జాబితా నుంచి తుడిచేస్తుంది. నకలు సర్వర్ అసలుదానిలా ప్రవర్తించకుండా కూడా చూసుకోవాలి: ఈమెయిలు అమరికలు తీసేయండి, క్రాన్ ఆపండి, బయటి స్టోరేజీ ఏదైనా జోడించి ఉంటే విడదీయండి, నమ్మదగిన డొమైన్ల జాబితాలో ఆ యంత్రం లోపలి చిరునామా ఒక్కటే ఉంచండి. లేకపోతే మీ ఖాతాదారులకు నకలు సర్వర్ నుంచి గుర్తుచేసే మెయిళ్లు వెళ్లవచ్చు.

ఈ కసరత్తు వల్ల ఒక్కో మెట్టుకు ఎంత సేపు పడుతుందో, ఏ యాప్ ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలుస్తుంది. బయటివారు రాసిన యాప్‌లు కొత్త వెర్షన్‌కు సరిపడకపోతే నెక్స్ట్‌క్లౌడ్ వాటిని ఆపివేసి ముందుకు పోతుంది. వాటి డేటా పోదు, కానీ ఆ యాప్‌ను ఎవరూ కొనసాగించకపోతే ఎప్పటికీ తిరిగి రాదు. మీ కార్యాలయంలో పనుల పట్టిక కోసమో, క్యాలెండరు కోసమో అటువంటి యాప్ మీద ఆధారపడి ఉంటే ఈ సంగతి 27 దగ్గర అసలు సర్వర్ మీద కాకుండా పాత కంప్యూటరు మీదే తెలుసుకోవడం మంచిది.

అసలు పనికి రోజు ఎంచుకోవడంలో మన ప్రాంతపు లెక్కలు చూసుకోవాలి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది రెండూ అక్టోబరులోనే, గంజాం, గజపతి జిల్లాలలో కరెంటు రోజుల తరబడి లేదు. జులై, సెప్టెంబరు నెలాఖరులు మీ వృత్తికే పనికిరావు, ప్రతి నెలా 11, 20 తేదీల చుట్టూ జీఎస్‌టీ హడావిడి ఉంటుంది. జనవరి మొదటి వారంలో శనివారం సాయంత్రం మొదలుపెట్టేలా చూసుకోండి. సర్వర్‌తో పాటు రూటరు కూడా యూపీఎస్ మీద ఉండాలి. ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సర్వర్‌కు ఆదేశాలిచ్చే పద్ధతి) చేయదలిస్తే టీమక్స్ అనే ప్రోగ్రాం లోపల నడపండి. లైను తెగినా పని ఆగదు, మళ్లీ కలిసినప్పుడు అదే తెర దొరుకుతుంది. నన్నడిగితే మాత్రం డేటాబేస్ మార్పు జరుగుతున్నంతసేపు యంత్రం దగ్గరే కూర్చోమంటాను.

మొదలుపెట్టే ముందు సిబ్బంది కంప్యూటర్లలోని డెస్క్‌టాప్ సింక్ ప్రోగ్రాంలను మూసివేయించండి. ప్రతి మెట్టు తరువాత ఓసీసీ స్టేటస్ చూడండి, లాగ్ చూడండి, ఒక మామూలు వాడుకరిగా లోపలికి వెళ్లి ఒక ఫైలు తెరిచి, ఒకటి ఎక్కించి, ఒక షేర్ లింకు బయటి నుంచి తెరవండి. అన్నీ సరిపోతే లోపిస్తున్న సూచికలు, నిలువు వరుసలు చేర్చే రెండు ఓసీసీ ఆదేశాలు నడిపి, డేటాబేస్ డంపు మరొకటి తీసుకుని, పై మెట్టుకు వెళ్లండి. సిబ్బంది సర్వర్ వాడనంతసేపు డేటా ఫోల్డరు మళ్లీ కాపీ చేయనక్కరలేదు, ఎందుకంటే ఆ సమయంలో ఎవరూ ఏమీ ఎక్కించడం లేదు. 25 దగ్గర, ఉబుంటు మారిన తరువాత, సిబ్బందిని వారం పది రోజులు మామూలుగా వాడనివ్వండి. తొందరపడి అదే రాత్రి 29 దాకా పోవడం కన్నా ఇది నాకు నచ్చుతుంది.

ఆ వారంలో ఏదో కారణం వల్ల బ్యాకప్‌కు తిరిగి వెళ్లవలసి వస్తే, సిబ్బందికి సర్వర్ తెరవకముందు ఓసీసీలో డేటా ఫింగర్‌ప్రింట్ అనే ఆదేశం నడపండి. ఇది చాలామందికి తెలియదు. బ్యాకప్ నాలుగు రోజుల కిందటిది అయితే, ఆ తరువాత చేసిన ఫైళ్లు సర్వర్ మీద ఉండవు, సిబ్బంది కంప్యూటర్లలో మాత్రం ఉంటాయి. సింక్ ప్రోగ్రాం వాటిని సర్వర్‌లో ఎవరో తొలగించారని భావించి స్థానికంగా కూడా తుడిచివేయగలదు. ఈ ఆదేశం నడిపితే సర్వర్ బ్యాకప్ నుంచి వచ్చిందని దానికి తెలుస్తుంది, తుడవకుండా ఆ ఫైళ్లను నిలుపుతుంది.

ఇంత శ్రమ అవసరమా అని అడగడం కూడా న్యాయమే. మీరు నెక్స్ట్‌క్లౌడ్‌ను ఫైళ్లు దాచడానికి మాత్రమే వాడుతూ, షేర్ లింకులు, పాత ప్రతులు, వ్యాఖ్యలు, క్యాలెండర్లు పోయినా పరవాలేదనుకుంటే, కొత్త యంత్రం మీద ఉబుంటు 24.04, నెక్స్ట్‌క్లౌడ్ 31 తాజాగా పెట్టి ఫైళ్లు తరలించడం సబబైన మార్గమే. నేను కొందరికి అదే చెబుతాను. సర్వర్ వైపు ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే మాత్రం డిస్కు మీది ఫైళ్లు తాళాలు లేకుండా చదవడానికి పనికిరావు, ముందు దాన్ని చూసుకోండి. ఇంకొక చిక్కు మీ ఊరి పేరులోనే ఉంది. ఒడియాలో రాయగడ అని రాసేటప్పుడు చివరి అక్షరం కింద చుక్క పెట్టే డ. యూనికోడ్‌లో దాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా డ, చుక్క అని రెండు సంకేతాలుగా రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. నెక్స్ట్‌క్లౌడ్ అంగీకరించే ప్రామాణిక రూపం రెండు సంకేతాలది. బ్రౌజరు నుంచో, సింక్ ప్రోగ్రాం నుంచో ఎక్కించిన ఫైళ్ల పేర్లను అదే సరిచేసుకుంటుంది. నేరుగా డేటా ఫోల్డరులోకి కాపీ చేసి స్కాన్ నడిపితే మాత్రం ఒకే సంకేతంతో ఉన్న ఫోల్డర్లకు అక్షర సంకేతాలు పొసగవని చెప్పి వాటిని చూపించదు. మ్యాక్ నుంచి వచ్చిన తెలుగు పేర్లలో ఐత్వానికీ ఇదే జరగవచ్చు. కాన్వ్‌ఎంవీ అనే పనిముట్టుతో పేర్లను ప్రామాణిక రూపానికి మార్చిన తరువాతే స్కాన్ చేయండి, లేదా ఫైళ్లను సింక్ ప్రోగ్రాం ద్వారానే ఎక్కించండి.

డాకర్‌లో (ప్రోగ్రాంలను విడివిడి పెట్టెల్లో నడిపే పద్ధతి) నడిపే ఆలోచన ఉందని చివర్లో రాశారు. అక్కడ కూడా మెట్ల నియమం మారదు. లేటెస్ట్ అన్న ట్యాగు పెట్టుకుంటే ఒకనాడు రెండు వెర్షన్లు దాటి లాగి, మొదలవడానికే నిరాకరిస్తుంది. ట్యాగులో వెర్షన్ సంఖ్య రాసుకోండి. ఈ నియమాన్ని అన్ని సాఫ్ట్‌వేర్లకూ వర్తింపజేయకండి కూడా: డేటాబేస్ ప్రోగ్రాం పోస్ట్‌గ్రెస్ తన పీజీ అప్‌గ్రేడ్‌తో మధ్య వెర్షన్లను దాటి వెళ్లనిస్తుంది, కోడ్ దాచే గిట్‌ల్యాబ్ కొన్ని మెట్ల దగ్గర మాత్రం తప్పక ఆగమంటుంది.

కసరత్తులో ఎక్కడైనా నిలిచిపోతే ఏ మెట్టు మీద ఉన్నారో, ఓసీసీ స్టేటస్ ఏమి చూపిందో, పీహెచ్‌పీ వెర్షన్ ఎంతో, నెక్స్ట్‌క్లౌడ్ లాగ్‌లోని చివరి పదిహేను ఇరవై వరుసలు ఏమిటో రాసి పంపండి. కాన్ఫిగ్ ఫైలును కూడా జతచేయాలనుకుంటే పాస్‌వర్డ్ సాల్ట్, సీక్రెట్, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న వరుసలను తీసివేసి పంపండి.